శిష్యుని గురించి గురువు రాయవలసి వస్తే

ప్రశ్న: నేను కర్నూలులోని ఒక ఉన్నత పాఠశాలలో 1979 నుంచి ఇరవై తొమ్మిదేళ్లపాటు వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. 1984లో మా బడిలో పదవ తరగతి పూర్తిచేసి, ఆ తరువాత డిగ్రీ చదివి, ఐ.టి.ఐ. కూడా చేసి, విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా స్థిరపడిన నా విద్యార్థి ఒకరు ఇటీవల యాభై ఆరేళ్ల వయసులో గుండెపోటుతో కన్నుమూశారు. బడిలో చదువుకునే రోజుల్లో అతడు వాలీబాల్ జట్టులో లిఫ్టర్‌గా ఆడేవాడు. పొట్టివాడు, నెట్టు మీదికి చేతులు కూడా అందేవి కావు. కానీ బంతి తన దగ్గరికి వచ్చిందంటే స్మాష్ కొట్టేవాడికి ఎంత ఎత్తున కావాలో అంత ఎత్తునే లేచేది. 2009 అక్టోబరు వరదలో, ఆ తరువాత కూడా, పాతబస్తీ వీధుల్లో అతడు చేసిన పని గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మరణించినప్పుడు భార్య, ఇద్దరు కూతుళ్లు కలిసి నిర్ణయించుకుని అతని కళ్లు దానం చేశారు.

పూర్వ విద్యార్థులు తెస్తున్న ప్రత్యేక సంచికకు అతని గురించి నాలుగు పేజీల వ్యాసం రాయమని నన్ను అడిగి, నా సౌకర్యం కోసమని ఒక జాబితా కూడా పంపించారు. అందులో ‘రాష్ట్రస్థాయి క్రీడాకారుడు, రాయలసీమ విశ్వవిద్యాలయ జట్టు సభ్యుడు, రెండు వందలసార్లు రక్తదానం చేసిన మహనీయుడు, వేలాదిమంది ప్రాణదాత’ అని ఉంది. రాయడానికి కూర్చుంటే నాకు కూడా అటువంటి మాటలే తోస్తున్నాయి తప్ప మా పిల్లవాడు కనిపించడం లేదు. మరొక బాధ కూడా ఉంది. 1983లో జిల్లా పోటీలకు జట్టును ఎంపిక చేసేటప్పుడు, వరసగా మూడు రోజులు ఉదయం సాధనకు ఆలస్యంగా వచ్చాడని అతణ్ణి పక్కన పెట్టాను. తెల్లవారుజామున ఇళ్లకు పాలు వేసి వస్తున్నాడని ఆ తరువాత తెలిసింది. అతడు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. అది రాయవచ్చునా? కుటుంబం గురించి ఎంతవరకు రాయాలి? నా కళ్ల ముందు పెరిగినవాణ్ణి ‘గారు’ అనాలా?
– ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: అయ్యా, నమస్కారం. మీరు రాయలేకపోతున్నానంటున్న వ్యాసంలో సగం మీ ఉత్తరంలోనే ఉంది. నెట్టు అందని పిల్లవాడు, అతని చేతుల్లోంచి లేచిన బంతి, తెల్లవారుజామున పాలక్యాను, అతడు ఎన్నడూ ఎత్తని మాట – వీటిలో ఒక్కటి కూడా పూర్వ విద్యార్థులు పంపిన జాబితాలో లేదు. వారి జాబితాలో ఉన్న మాటలు ఎవరి గురించైనా చెప్పవచ్చు. మీరు చెప్పినవి అతని ఒక్కడి గురించే చెప్పగలం. ఉద్యోగంలో అతని తీరును తోటి లైన్‌మన్లు రాస్తారు, ఇరుగుపొరుగువారు వరద సంగతి చెబుతారు. పదకొండేళ్ల వయసు నుంచి పదహారేళ్ల వరకు రోజూ సాయంత్రం మైదానంలో అతణ్ణి చూసినవారు మీరు ఒక్కరే. కాబట్టి నాలుగు పేజీల్లో కనీసం రెండు పేజీలు ఆ మైదానానికే కేటాయించండి.

ఆట గురించి రాసేటప్పుడు, లిఫ్టర్ చేసే పని ఏమిటో వాలీబాల్ తెలియని పాఠకుడికి కూడా అర్థమయ్యేటట్లు చెప్పడం అవసరం. పురుషుల నెట్టు ఎత్తు 2.43 మీటర్లు. దాని మీదుగా కొట్టేవాడికి చప్పట్లు దక్కుతాయి. ఆ కొట్టుడుకు తగినట్లుగా బంతిని అంతకు ముందు క్షణంలో వేళ్ల కొసలతో లేపి పెట్టినవాడిని గ్యాలరీలో ఎవరూ గమనించరు. మొదటి బంతి ఎక్కడ పడినా రెండో బంతికి పరిగెత్తుకు రావలసినవాడు అతడే. అది సరిగ్గా రాలేదని మొదట తిట్లు తినేవాడు కూడా అతడే. మీ పిల్లవాడు ఎవరికి ఎంత ఎత్తున లేపేవాడో, ఏ స్మాషర్‌తో అతనికి బాగా కుదిరేదో, ఓడిన రోజు ఏం చేసేవాడో మీకు గుర్తుండే ఉంటుంది. అవి రాయండి. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను: ‘కోర్టులో బంతిని లేపినవాడు జీవితంలో పేదవారిని లేపాడు’ అనే వాక్యం మీ కలం కొసకు తప్పకుండా వస్తుంది. దయచేసి దాన్ని రానివ్వకండి. ఆట సంగతి, సేవ సంగతి రెండూ నిజంగా ఉన్నచోట వాటిని కలిపే పని పాఠకుడే చేసుకుంటాడు. మనం కుట్టుపెడితే ఆ కుట్టే కనిపిస్తుంది.

పాత ఆటల స్కోర్లు ఎవరైనా చెబితే జాగ్రత్తగా చూసుకోండి. ఆ కాలంలో గేము పదిహేను పాయింట్లకు ముగిసేదని, సర్వీసు చేస్తున్న జట్టుకే పాయింటు వచ్చేదని మీకు వేరే చెప్పనక్కరలేదు. ప్రతి బంతికీ పాయింటు వచ్చే ఇరవై అయిదు పాయింట్ల పద్ధతి 2000 ప్రాంతంలో గాని స్థిరపడలేదు. 1983 నాటి మ్యాచిని 25–23తో గెలిచామని జ్ఞాపకాల్లో ఎవరైనా రాసి పంపితే, వారు అబద్ధమాడుతున్నారని కాదు. ఇప్పుడు టీవీలో చూస్తున్న ఆట అప్పటి జ్ఞాపకం మీద పేరుకుపోయిందని అర్థం. సంచికలో అటువంటిది అచ్చయితే, ఆ కాలంలో ఆడిన ప్రతివాడూ ముందుగా ఆ అంకె మీదే వేలు పెడతాడు.

ఇక జాబితాలోని మిగిలిన సంగతులు. ‘రాష్ట్రస్థాయి’ అనే మాటను మన ప్రాంతంలో చాలా ఉదారంగా వాడుతున్నాం. జిల్లా జట్టుకు ఎంపికై రాష్ట్ర పోటీలకు వెళ్లినవాడు ఒకరైతే, ఆ పోటీల్లోంచి రాష్ట్ర జట్టుకు ఎంపికైనవాడు మరొకరు. ఇద్దరికీ ఒకే విశేషణం తగిలించకూడదు. ఇంట్లో ఉన్న ధ్రువపత్రాలు తీయించి, వాటి మీద ఉన్న మాటనే యథాతథంగా రాయండి. అప్పటి కర్నూలు జిల్లా జట్టు అంటే నేటి నంద్యాల కూడా కలిసిన జట్టు అని ఇప్పటి పిల్లలకు ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే ఈ రెండూ వేరుపడింది 2022 ఏప్రిల్‌లో. విశ్వవిద్యాలయం సంగతి మాత్రం తీసివేయక తప్పదు. మీ విద్యార్థి పదవ తరగతి 1984లో పూర్తిచేశాడు. రాయలసీమ విశ్వవిద్యాలయం ఏర్పడింది 2008లో. అతడు కళాశాల జట్టులో ఆడి ఉంటాడు, ఎవరో పేరు సర్దేశారు. డిగ్రీ పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరుందో చూసి, దాని జట్టులో నిజంగా ఆడినట్లు ఆధారం ఉంటేనే రాయండి, లేకపోతే కళాశాల జట్టు దగ్గరే ఆపండి. కళాశాల జట్టులో ఆడడం చిన్న విషయమేమీ కాదు.

రెండు వందలసార్లు రక్తదానం అన్న అంకెను కూడా లెక్క వేసి చూద్దాం. ఇప్పటి నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన పురుషుడు తొంభై రోజులకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చు. అంటే ఏడాదికి నాలుగుసార్లు. పద్దెనిమిదో ఏటి నుంచి యాభై ఆరో ఏటి దాకా ఒక్క విడత కూడా తప్పకుండా, జ్వరమూ కామెర్లూ ఏవీ రాకుండా ఇచ్చినా నూట యాభై రెండుసార్లకు మించదు. ప్లేట్‌లెట్లు మాత్రమే ఇచ్చే పద్ధతిలో ఇంతకంటే తరచుగా ఇవ్వవచ్చు గనుక వాటిని కూడా కలిపి లెక్కించారేమో కనుక్కోండి. రక్తనిధి ఇచ్చిన దాతల కార్డులు ఇంట్లో ఉంటాయి. ఆ కార్డులు నలభై మూడని చెబితే నలభై మూడని రాయండి. అర్ధరాత్రి ఫోను వస్తే చొక్కా వేసుకుని ఆసుపత్రికి బయలుదేరిన నలభై మూడు రాత్రులను ఊహించగల పాఠకుడికి రెండు వందలు అక్కరలేదు. గుండ్రని పెద్ద అంకెను చూస్తే అతడు ఏ రాత్రినీ ఊహించడు.

వరద గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అతని సేవలో అసలు విషయం అక్కడే ఉన్నదని నాకు అనిపిస్తోంది. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి రోజున తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలును ముంచాయి. దిగువన శ్రీశైలానికి ఎన్నడూ ఎరగనంత నీరు, 25 లక్షల క్యూసెక్కులకు పైగా, వచ్చి చేరింది. ఇది మీ పాఠకులందరూ అనుభవించిన సంగతే గనుక రెండు వాక్యాల్లో ముగించండి. అతడు లైన్‌మన్ కదా, ఆ దృష్టితో అడగండి: నీళ్లు వీధుల్లోకి వస్తున్నప్పుడు ఏ ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ఫ్యూజులు తీశాడు? ఎవరెవరి ఇళ్ల మేడల మీదికి ఎవరిని ఎక్కించాడు? నీళ్లు తీసిన తరువాత మోకాలి లోతు ఒండ్రు ఉన్న ఇళ్లలో మీటర్లు, స్విచ్చిబోర్డులు విప్పి, కడిగి, ఆరబెట్టి, పరీక్షించిన తరువాతనే కరెంటు ఇవ్వవలసి ఉంటుంది. అది ఒక రోజుతో తీరే పని కాదు, ఎవరూ ఫోటో తీసే పని అంతకన్నా కాదు. డ్యూటీ ముగిసిన తరువాత కూడా అతడు ఎన్ని రోజులు ఆ పని చేశాడో, చేతికి ఎవరైనా డబ్బు పెట్టబోతే ఏమన్నాడో పాతబస్తీలో రెండు గడపలు ఎక్కితే మీకు తెలుస్తుంది. ఒక ఇంట్లో ఉగ్గాని పెట్టి కూర్చోబెట్టి మరీ చెబుతారు. ‘వేలాదిమంది ప్రాణదాత’ అన్న మాట మీద ఎవరికైనా అనుమానం రావచ్చు. ఫలానా సందులో పదకొండు ఇళ్ల మీటర్లు విప్పి బిగించాడన్న మాటకు ఎదురు ఉండదు.

మన సీమలో ఊరి పొలిమేరల్లో ఎన్నో వీరగల్లులు, అంటే పోరులో పడిపోయినవారి గుర్తుగా పాతిన రాళ్లు, నిలబడి ఉన్నాయి. తెలుగులో మొట్టమొదటి శాసనాలు దొరికినది కూడా కడప ప్రాంతంలోనే. ఎర్రగుడిపాడు శాసనాన్ని క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చెబుతారు. ఆ వీరగల్లులను చదివితే వాటిలో ఉండేది ఎవరి ఏలుబడిలో, ఏ ఊరిలో, ఎవరు, ఏ పోరులో పడిపోయారన్న సంగతి. కొన్నింటిలో ఆ ఇంటివారికి భూమి మాన్యంగా ఇచ్చిన సంగతి. రాయి మీద చెక్కేవాడికి ప్రతి అక్షరానికీ చెమట పట్టాలి, అందువల్ల అవసరం లేని మాట చెక్కేవాడు కాదు. కాగితం చౌక అయిన తరువాతనే మనకు విశేషణాలు ఎక్కువయ్యాయని నా అభిప్రాయం.

కుటుంబం గురించి ఎంత రాయాలన్నది ఆ ఇల్లాలిని అడిగి నిర్ణయించుకోవలసిన విషయం. సాధారణంగా ఇటువంటి వ్యాసాల చివర ‘ఆయనకు భార్య, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు’ అని ఒక వాక్యం ఉంటుంది, అది పోలీసు నివేదికలా ఉంటుంది. పండుగ పూట ఎవరింట్లోనో కరెంటు పోయిందని అతడు వెళ్లిపోతే ఇంట్లో నలుగురికీ వడ్డించింది ఎవరు? నెలాఖరులో ఒకరి పిల్లవాడి పరీక్ష ఫీజు కట్టి వస్తే ఇంటి పద్దు సర్దింది ఎవరు? సేవ చేసిన మగవాళ్ల గురించి రాసే మన వ్యాసాల్లో ఆ సేవకు కావలసిన సమయాన్నీ డబ్బునూ ఇచ్చిన ఆడవాళ్లు దాదాపు కనిపించరు. మీ ఉత్తరంలో నన్ను బాగా పట్టుకున్న వాక్యం, ‘భార్య, ఇద్దరు కూతుళ్లు కలిసి నిర్ణయించుకుని’ అన్నది. కళ్లు దానం చేయాలంటే మరణించిన ఆరు గంటలలోపు తీయాలి. ఇంట్లో ఏడుపు ఇంకా మొదలైన చోటే ఉండగా ఒకరు లేచి ఫోను చేయాలి, సంతకం పెట్టాలి. ఆ పని చేసింది అతడు కాదు, వారు ముగ్గురు. దాన్ని అతని ఖాతాలో కాకుండా వారి ఖాతాలోనే రాయండి. ఆ కళ్లు ఎవరికి అమర్చారన్నది గోప్యంగా ఉంచుతారు గనుక ఆ ఆరా మాత్రం వద్దు. అలాగే అప్పుల సంగతి, అనారోగ్యం సంగతి వంటివి ఆమె చదివి సరే అంటేనే అచ్చుకు పంపండి. వ్యాసం మొత్తం ముందుగా ఆమెకు చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

మీరు చేసిన పొరపాటు గురించి తప్పకుండా రాయండి. అయితే మూడు నాలుగు వాక్యాలకు మించకుండా రాయండి. ఎంపిక నుంచి తప్పించడం, పాలక్యాను సంగతి తెలియడం, మరుసటి సంవత్సరం అతడు ఎప్పటిలాగే సాధనకు రావడం, ఆ మాట ఎన్నడూ ఎత్తకపోవడం – అంతే. దాని తరువాత మీ పశ్చాత్తాపం మొదలుపెడితే వ్యాసం అతని మీది నుంచి మీ మీదికి మళ్లుతుంది, చదివేవారు అతణ్ణి వదిలి మిమ్మల్ని ఓదార్చడం మొదలుపెడతారు. మీకు తరువాత ఎప్పుడైనా అతనితో ఆ విషయం మాట్లాడే సందర్భం వచ్చి ఉంటే, అప్పుడు అతడు అన్న మాట ఉన్నది ఉన్నట్లుగా, ‘సార్’ అని పిలిచాడో ‘అదేం లే సార్’ అని నవ్వాడో ఆ యాసతో సహా రాయండి.

‘గారు’ విషయంలో నా సలహా ఇది: బడి రోజుల గురించి రాసేటప్పుడు ‘అతడు’ అనండి, ఉద్యోగం, సంసారం వచ్చిన తరువాతి భాగంలో ‘ఆయన’ అనండి. పిల్లవాడు పెద్దవాడైన సంగతి ఆ సర్వనామం మారడంలోనే తెలిసిపోతుంది. మీరు మీ ఉత్తరంలో తెలియకుండానే ‘కన్నుమూశారు’ అనీ ‘ఆడేవాడు’ అనీ రాశారు. అది తప్పు కాదు, అదే సరైన పద్ధతి.

ప్రశ్న: సంస్మరణ ప్రకటనల్లో ‘స్వర్గీయ’, ‘కీర్తిశేషులు’, ‘దివంగత’, ‘నివాళి’ అని రకరకాలుగా రాస్తున్నారు. మా మిత్రబృందంలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఏది వాడితే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ‘స్వర్గీయ’, ‘దివంగత’ రెండూ స్వర్గానికి చేరినవారని చెప్పే మాటలే, రెండవది పత్రికల వాడుకలో అరిగి అందరికీ వర్తించేదిగా మారిపోయింది, మొదటిది ఇంకా అలా మారలేదు. ‘కీర్తిశేషులు’ అంటే కీర్తి మాత్రమే మిగిలినవారు. మాట అందమైనదే గాని బరువైనది, పేరుకు ముందు ‘కీ.శే.’ అని పొట్టిగా రాసేసరికి ఆ అందమూ పోతుంది. ‘నివాళి’కి మొదటి అర్థం హారతి. ఇప్పుడు శ్రద్ధాంజలి అనే అర్థంలో స్థిరపడింది గనుక నిరభ్యంతరంగా వాడవచ్చు. మీ బృందంలో ముస్లిములు, క్రైస్తవులు కూడా ఉన్నారంటున్నారు; పేరు, దాని కింద పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం రాసి ఊరుకుంటే ఏ మాటతోనూ పేచీ ఉండదు. ‘తీరని లోటు’ అన్న మాటను మాత్రం కొంతకాలం ఎవరూ వాడకుండా ఉంటే బాగుండునని నాకు చాలాకాలంగా ఉంది.

ప్రశ్న: మాతో కలిసి చదివి, కబడ్డీ ఆడి, తరువాత ఊరిలోని పిల్లలకు సాయంత్రాలు ఉచితంగా ఆట నేర్పిన మిత్రుడు పోయి ఏడాది కావస్తోంది. అతని పేరిట మూడు రోజులపాటు పెద్ద ఎత్తున కబడ్డీ పోటీలు పెట్టాలని కొందరు, బడి ఆవరణలో విగ్రహం పెట్టాలని మరికొందరు అంటున్నారు. రెండు లక్షల రూపాయల దాకా పోగయ్యాయి. మీ అభిప్రాయం చెప్పండి.
– పూర్వ విద్యార్థులు, అనంతపురం జిల్లా

జవాబు: విగ్రహం సంగతి మొదట తేల్చివేద్దాం. బడి ఆవరణలో పెట్టాలంటే అనుమతులు కావాలి; పెట్టిన తరువాత దానికి ఏటా రంగు వేయించేవారు కావాలి. మీలో ఎవరు ఇరవై ఏళ్ల తరువాత కూడా ఆ ఊరిలోనే ఉంటారో ఒకసారి చేతులెత్తి చూసుకోండి.

స్మారక పోటీలు మొదటి ఏడాది ఘనంగా జరుగుతాయి. పందిళ్లు, మైకులు, ముఖ్య అతిథులు, శాలువాలు, బయటి జిల్లాల జట్లకు భోజనాలు, బసలు – ఇందులోనే డబ్బు చాలావరకు పోతుంది. రెండో ఏడాది చందాలు సగమవుతాయి, మూడో ఏడాది వాట్సాప్ బృందంలో ఫోటో పెట్టి దండం బొమ్మలు వేస్తారు. ఇది మిమ్మల్ని ఉద్దేశించి అంటున్నది కాదు, నేను చూసిన చాలా ఊళ్ల సంగతి. పైగా మీ మిత్రుడు మూడు రోజుల పోటీలు నడిపినవాడు కాదు, ప్రతి సాయంత్రం పిల్లలతో ఉన్నవాడు. ఆ సాయంత్రం ఇప్పుడు ఏమైందో ముందుగా చూడండి. పిల్లలు ఇంకా వస్తున్నారా? వారికి చెప్పేవారు ఉన్నారా?

మీ జిల్లాలోనే దీనికి ఒక నిదర్శనం ఉంది. ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి గ్రామీణాభివృద్ధి ట్రస్టును నిలబెట్టారు, 2009లో కన్నుమూశారు. ఆ సంస్థ క్రీడాగ్రామంలో 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచిలు కూడా జరిగాయి. కానీ ఆ చోటికి విలువ ఆ నాలుగు రోజుల వల్ల వచ్చింది కాదు. ఏడాది పొడవునా పల్లెల పిల్లలు అక్కడ సాధన చేస్తుండడం వల్ల వచ్చింది. అంత పెద్ద సంస్థతో మీ రెండు లక్షలను పోల్చడం లేదు; డబ్బును ఏ వైపు నడపాలో చెబుతున్నాను, అంతే.

కబడ్డీ కోర్టు పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు; ఊరి బడి స్థలంలో సులువుగా పడుతుంది. రాళ్లు ఏరి, మట్టి తవ్వి, మెత్తటి మట్టి పోయించి, నీళ్లు చల్లించే ఏర్పాటు చేసి, నాలుగు దీపాలు పెట్టిస్తే మీ దగ్గరున్న సొమ్ములో కొంతభాగం మిగలవచ్చు. మిగిలినదాన్ని బ్యాంకులో వేసి, దాని వడ్డీతో ఏటా మోకాలి పట్టీలు, బూట్లు, ప్రథమ చికిత్స పెట్టెలోకి కావలసినవి కొనండి. మన ఎండలకు సాయంత్రం అయిదున్నర దాకా ఆ నేల మీద ఎవరూ కాలు పెట్టలేరు కాబట్టి దీపాల ఖర్చును విలాసంగా భావించవద్దు. వచ్చిన ప్రతి పిల్లవాడికీ గుప్పెడు ఉడికించిన వేరుశనగ బుడ్డలు, ఒక అరటిపండు ఇవ్వగలిగితే హాజరు తగ్గదు. అమ్మాయిలకు కూడా విడిగా సమయం కేటాయించండి. మీ మిత్రుడు వారికీ నేర్పి ఉంటే ఆ ఏర్పాటును నిలబెట్టండి, నేర్పకపోయి ఉంటే ఇప్పుడు మొదలుపెట్టండి.

పేరు విషయానికి వస్తే, గోడ మీద చిన్న అక్షరాలతో అతని పేరు, చదివిన సంవత్సరాలు రాయించండి. దాతల పేర్ల పలక దానికంటే పెద్దదిగా ఉండకుండా చూసుకోండి. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. వార్షికోత్సవం రోజున పోటీ పెట్టాలనిపిస్తే అతడు నేర్పిన పిల్లలు, మీ వయసువారు కలిసి ఒక ఆట ఆడుకోండి. ముప్పై సెకన్ల కూత మీలో ఎంతమంది పూర్తిచేస్తారో పిల్లలకు కూడా చూడాలని ఉంటుంది. వీటన్నిటికంటే ముందు ఒక పని పూర్తిచేయండి: ఆట సామాను ఉంచిన గది తాళంచెవి సాయంత్రం అయిదు గంటలకు ఎవరి దగ్గర ఉంటుందో, వారు ఊరికి వెళితే ఎవరికి ఇచ్చి వెళతారో కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయుల సంతకం తీసుకోండి.